విచారించాను, యజమాని లేరు

జూన్ 3, సోమవారం

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నాకు చాలా పనులు అంటగట్టారు గానీ, మనుషులెవరూ చదవని పుస్తకం రాయమనడం ఇదే మొదటిసారి.

ఊరికి నీళ్ళిచ్చే మా సంస్థలో పంపుహౌసులు, ట్యాంకులు, ఆఫీసులు అన్నీ కలిపే నెట్‌వర్కుకు కొత్తగా ఒక టూలు తెచ్చారు. సర్వర్ల మధ్య ఏ లైను తెరిచి ఉంది, ఏది దేనితో మాట్లాడుతోంది, ఎన్నాళ్ళుగా మాట్లాడలేదు, అన్నీ చూసి చెబుతుంది. దాన్ని వాడేది మేం కాదు, ఏఐ ఏజెంట్లు. అవే అడుగుతాయి, జవాబు అవే చదువుకుంటాయి, ఏం చెయ్యాలో అవే తేల్చుకుంటాయి. ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో, ఏ జవాబుకు అర్థమేమిటో వాటికి రాసిపెట్టడం నా పని.

మేనేజరమ్మ వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. మర్యాదస్తురాలు. నా టేబులు దగ్గరికే వచ్చి చెప్పింది. ఇరవయ్యో తారీకు నుంచి అక్కర్లేని లైన్లు మూసే అధికారం కూడా ఏజెంట్లకే ఇస్తారట. "మీరేది రాస్తే అవి అదే చేస్తాయి మేడమ్," అంది.

ఇంట్లో చెబితే మా ఆయన టీ కప్పు దించకుండానే, "చెప్పిన మాట వినేవాళ్ళు లేరని ఇన్నాళ్ళూ ఏడ్చావుగా, దొరికారు," అన్నారు.

జూన్ 4, మంగళవారం

మొదటి పేజీ మూడుసార్లు రాసి కొట్టేశాను. మనిషికైతే "చూసుకుని చెయ్యండి" అంటే సరిపోతుంది. ఈ ఏజెంట్లకు చూసుకోవడమంటే ఏమిటో కూడా చెప్పాలి.

నేను చేరినప్పుడు నాకెవరూ రాసి చెప్పలేదు. కింద అంతస్తులో, కిటికీ లేని మా పాత గదిలో గురువుగారు నడిచి చూపించారు. ఆయన్ని ఆఫీసంతా గురువుగారనే పిలిచేది, సగం గౌరవంతో, సగం ఎగతాళిగా. మొదటిరోజు నా చేతికి ఒక తీగ చివర ఇచ్చి, "దీని రెండో చివర ఎక్కడుందో కనుక్కునిరా అమ్మాయ్," అని పంపేశారు. నాలుగంతస్తులూ తిరిగాను. మధ్యాహ్నం మూడింటికి చూస్తే రెండో చివర ఆయన బల్ల కిందే ఉంది. ఆ గదిలోనే పనిచేసే మా బక్కాయన కుర్చీలోంచి పడిపోయేంతగా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ తిరుగుడులో బిల్డింగంతా తెలిసిపోయింది నాకు. ఎవరు ఏ గదిలో కూర్చుంటారో, ఏ తలుపు తోస్తే కిర్రుమంటుందో అన్నీ.

ముగ్గురం, ఒక కెటిలు, రెండు కుర్చీలు. మూడోవాళ్ళు కేబుల్ చుట్ట మీద కూర్చోవాలి. ఎక్కువగా నేనే కూర్చునేదాన్ని. ఆ రోజుల్లో ఉన్నంత సుఖంగా మళ్ళీ ఎప్పుడూ లేను.

జూన్ 6, గురువారం

నాలుగు పేజీలు అయ్యాయి. గది గురించి రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

జూన్ 10, సోమవారం

టూలుతో నెట్‌వర్కంతా ఒకసారి చూశాను. రెండు వందల పన్నెండు లైన్లు తెరిచి ఉన్నాయి. అందులో తొమ్మిదింటికి యజమాని ఎవరో రికార్డులో లేదు. జాబితాలో వాటి పక్కన ఖాళీ గడి ఉంది. ఆ గడిలో నేనేం రాస్తే ఏజెంటు దాన్నిబట్టి నడుచుకుంటుంది.

మా గదికి ఒక పద్ధతి ఉండేది. ఎవరిదో తెలియని తీగ దొరికితే పీకకూడదు. దానికి చీటీ కట్టి, బిల్డింగులో గడప గడపకూ వెళ్ళి "ఇది మీదా?" అని అడగాలి. ఫోనులో అడిగితే చెల్లదు, మొహం చూసి అడగాలి. అందరూ కాదన్నాక, ఇంకో నెల ఆగి, రిజిస్టరులో "విచారించాను, యజమాని లేరు" అని రాసి సంతకం పెట్టి, అప్పుడు పీకాలి. నడవకుండా ఆ మాట రాస్తే గురువుగారు కళ్ళలోకి చూసి పట్టేసేవారు. బక్కాయన ఒకసారి అలాగే రాశాడు. గురువుగారు తిట్టలేదు, వారం రోజులు వాడితో మాట్లాడలేదంతే. ఎనిమిదో రోజున బక్కాయన వెళ్ళి నాలుగంతస్తులూ తిరిగి వచ్చాడు.

ఇంకో సంగతి. నెట్‌వర్కు ఎప్పుడు పడిపోయినా, ఎవరూ ఫోన్ చెయ్యకముందే గురువుగారు ఇంటినుంచి వచ్చేసేవారు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని. ఎలా తెలిసిందండీ అంటే ముక్కు మీద వేలేసుకుని, "వాసన," అనేవారు.

జూన్ 12, బుధవారం

రెండు రోజులు కాళ్ళు అరిగేలా తిరిగాను. తొమ్మిదింటిలో ఏడింటికి యజమానులు దొరికారు. ఒకటి లిఫ్టుది, రెండు పాత బిల్లుల సెక్షనువి, ఇలా. అడుగుతుంటే కొత్తవాళ్ళు వింతగా చూశారు. మెయిలు పెట్టొచ్చు కదా మేడమ్ అన్నాడొకడు.

మిగిలినవి నాలుగోదీ, తొమ్మిదోదీ. రెండూ పాతవే. రెండింట్లోనూ సంవత్సరాలుగా సమాచారమేమీ నడవలేదు. వీటి గురించి తెలిసిన మనిషి ఒక్కరే, గురువుగారు.

ఆయన్ని అడగాల్సిన అవసరం నాకు లేదు. అరవై అయిదేళ్ళ మనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకు.

జూన్ 13, గురువారం

గురువుగారి నంబరు ఇంకా ఫోనులో ఉందో లేదో చూశాను. డాక్యుమెంటు కోసమే. ఉంది.

మా ఆయన పక్కనుంచి చూసి, "ఫోను తింటుందా ఏమిటి, నొక్కు," అన్నారు. ఆయన కూడా చెయ్యలేదుగా నాలుగేళ్ళుగా అన్నాను. "ఇద్దరికీ ముక్కు మీదే కోపం. మీ ఇద్దరి మధ్యా నాలుగేళ్ళు పోయాయి," అన్నారు. ఈయనకేం తెలుసు. కూర మాడిందన్న వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. మాడలేదు.

జూన్ 14, శుక్రవారం

సరే, ఇక్కడైనా రాసుకుంటాను. ఎవరు చూస్తారు గనుక.

నాలుగేళ్ళ కిందట పెద్దవాళ్ళ మీటింగు జరిగింది. నెట్‌వర్కు వివరాలు కాగితం మీద ఎందుకు లేవని అడిగారు. గురువుగారు తల మీద వేలు పెట్టి, అంతా ఇక్కడుందండీ అన్నారు. ఎప్పుడూ అలాగే అనేవారు, అందరూ నవ్వేవారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నన్ను అడిగారు, నువ్వేమంటావని. నేనన్నాను, "ఆయన తలలో ఉన్నది ఆయనతోనే పోతుందండీ. అది పద్ధతి కాదు."

తప్పేమన్నాను? అబద్ధమేం చెప్పలేదే. ఆయన ఇంకో ఏడాది ఉండాల్సింది. ఆ నెలాఖరుకే పంపించేశారు, ఆ కుర్చీ నాకిచ్చారు. వెళ్ళేరోజు బక్కాయనకి కెటిలిచ్చారు, అటెండరుకు గొడుగిచ్చారు. నా బల్ల ముందునుంచే నడుచుకుంటూ వెళ్ళిపోయారు. నేను తలెత్తలేదు. ఏదో రాస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఫోన్ చెయ్యాల్సింది. మర్నాడు చెయ్యకపోతే వారానికి చెయ్యడం కష్టం. ఏడాదికి ఇంకా కష్టం. ఆ తర్వాత బక్కాయన కూడా వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. కేబుల్ చుట్ట ఎవరో స్టోరుకు పంపించేశారు.

జూన్ 17, సోమవారం

ఈ రోజు అసలైన పేజీ రాశాను. మాటలేని లైను దొరికితే ఏజెంటు ఏం చెయ్యాలి అన్నది.

కొన్ని లైన్లలో సమాచారం ఏమీ నడవదు. కానీ నిమిషానికొకసారి అటునుంచి ఒక ఖాళీ పలకరింపు వస్తుంది, ఇటునుంచి ఒక ఖాళీ జవాబు వెళుతుంది. లైను బతికే ఉందని చెప్పుకోవడానికంతే. మా గదిలో దాన్ని ఊ కొట్టడం అనేవాళ్ళం. కథ వింటున్న పిల్లలు ఊ కొడుతుంటేనే కదా చెప్పేవాళ్ళు చెబుతారు. టూలు దాన్ని కూడా ఒక గడిలో చూపిస్తుంది. నాలుగోదీ, తొమ్మిదోదీ రెండూ ఊ కొడుతూనే ఉన్నాయి.

పేజీలో ఇలా రాశాను: ముప్పై రోజులు సమాచారం నడవకపోతే ఆ లైను వాడుకలో లేనట్టే. ఖాళీ పలకరింపులను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఆ తర్వాత నాలుగోదాని పక్క గడిలోనూ, తొమ్మిదోదాని పక్క గడిలోనూ "విచారించాను, యజమాని లేరు" అని రాశాను. బిల్డింగంతా తిరిగాను కదా. తిరగడమంటే విచారించడమే. ఆయన బిల్డింగులో లేరు, కాబట్టి ఆయన్ని అడగలేదు. పద్ధతి ప్రకారం చూసినా తప్పులేదు.

మేనేజరమ్మ చదివి చాలా బాగుంది మేడమ్ అంది. ఇంత స్పష్టంగా ఎవరూ రాయలేదట.

జూన్ 20, గురువారం

ఉదయం పదకొండింటికి ఏజెంటుకు అధికారం ఇచ్చారు. పదకొండు గంటల రెండు నిమిషాలకు నాలుగోదీ, తొమ్మిదోదీ మూసేసింది. కారణం అని ఉన్నచోట నా వాక్యమే పెట్టింది, అక్షరం మార్చలేదు.

ఏమీ కాలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. చూశావా అని నాకు నేనే చెప్పుకున్నాను. సాయంత్రం ముసురు పట్టింది.

జూన్ 21, శుక్రవారం

ఈ రోజు జరిగింది రాసితీరాలి.

ఉదయం ఎనిమిదింటికి బస్సులో ఉండగా ఫోన్ మోగింది. గురువుగారి నంబరు. మూడుసార్లు మోగేదాకా చూస్తూ కూర్చున్నాను. ఎత్తాను.

"అమ్మాయ్, బాగానే ఉన్నావా?"

ఆ గొంతు విని నాలుగేళ్ళయింది. బాగానే ఉన్నాను గురువుగారూ అన్నాను. హమ్మయ్య అన్నారు.

"నిన్న పదకొండింటికి మా ఇంట్లో దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలుగుతుందేమోనని చూశాను. వెలగలేదు. ఆ గదిలో నువ్వుంటావు కదా, నీకేమైనా అయిందేమోనని చేశాను."

ఏం దీపమో నాకు అర్థం కాలేదు. చెప్పారు. డ్యూటీ రోజుల్లో ఆఫీసునుంచి ఆయన ఇంటికి ఒక లైను వేయించుకున్నారట. దాని చివర చిన్న పెట్టె, పెట్టె మీద పచ్చ దీపం. లైను ఊ కొడుతున్నంతసేపూ వెలుగుతుంది. నెట్‌వర్కు పడిపోతే ఆరిపోతుంది, ఈయన చొక్కా తగిలించుకుని పరుగెత్తుకొస్తారు. వాసనంటే అదన్నమాట. ఉద్యోగం పోయాక ఆ లైను తీసెయ్యాలన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆయనా గుర్తు చెయ్యలేదు.

"రోజూ పొద్దున లేవగానే చూసేవాణ్ణి. వెలుగుతోందంటే మీరందరూ పనిలోకి వచ్చారని అనుకునేవాణ్ణి," అన్నారు.

నాలుగేళ్ళు. నేను పలకరించకపోయినా ఆ దీపమే నా తరఫున పలకరిస్తోంది కాబోలు. దాన్ని మూయించింది నేనే. నా వాక్యంతో.

చెప్పేశాను. మూసింది యంత్రమే అయినా, మూయమని రాసింది నేనేనని. విచారించానని అబద్ధం రాశానని. బస్సులో పక్కావిడ నన్నే చూస్తోంది. ఆయన తిడతారనుకున్నాను. ఆయన గొంతు ఒక్కసారిగా మారిపోయింది, పాత గదిలో గొంతు.

"మరి పై ట్యాంకు లైను? అది కూడా నా దీపంలాగే ఊరికే ఊ కొడుతూ ఉంటుంది. అది మూశారా?"

పై ట్యాంకులో ఒక తేలే బంతి ఉందట. నీళ్ళు గీత దాటితే బంతి లేస్తుంది, లైను అరుస్తుంది, కింద పంపులు ఆగిపోతాయి. చివరిసారి అరిచింది పదకొండేళ్ళ కిందట. గీత దాటకపోతే దానికి మాట్లాడాల్సిన పనేముంది? నా జాబితాలో నాలుగోది అదే. ట్యాంకు కింద వీధిలో నలభై ఇళ్ళున్నాయి, నిన్నటినుంచీ వాన, ఊళ్ళో నీళ్ళ వాడకం తక్కువ, పంపులు మాత్రం తోడుతూనే ఉన్నాయి.

మేనేజరమ్మ ఫోను ఎత్తలేదు. బస్సు దిగి పరుగెత్తాను. ఈ వయసులో, ఆ బురదలో. నేను మేనేజరమ్మ గదిలోకి వెళ్ళి నాలుగోది తెరిపించేసరికి తొమ్మిదిన్నర. తెరిచిన నిమిషానికే అది అరవడం మొదలుపెట్టింది. పంపులు ఆగాయి. మనిషిని పంపిస్తే, ట్యాంకు అంచుకు జానెడు దూరంలో ఉన్నాయట నీళ్ళు.

అరగంటసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను. తర్వాత గుర్తొచ్చింది, ఫోన్ పెట్టేసేముందు ఆయన, బక్కాయన లోపలున్నాడా, వాడికివ్వు అన్నారు. బక్కాయన వెళ్ళిపోయి మూడేళ్ళయిందని ఆయనకెవరు చెబుతారు? తెలియదంతే. లేదంటే నిద్ర చాలక అలా అని ఉంటారు.

జూన్ 24, సోమవారం

మేనేజరమ్మకు మొత్తం చెప్పాను, గడిలో రాసిన అబద్ధం కూడా. కాగితం మీద సంజాయిషీ ఇమ్మంది. ఇచ్చాను. ఏజెంట్ల అధికారం నెలాఖరుదాకా ఆపించింది. "తెలిసినాయన ఒకరున్నారని నాకు ముందే ఎందుకు చెప్పలేదు మేడమ్?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. సిగ్గుపడ్డాను అన్నాను.

ఆ పేజీ తిరగరాశాను. ఊ కొడుతున్న లైనును మూయకు. దాని అవతల ఎవరున్నారో మనిషిని అడుగు. మనిషి తెలియదంటే, తెలిసిన ఇంకో మనిషిని అడుగు.

తొమ్మిదోది మాత్రం తెరవలేదు. ఆఫీసు లైను ఒకరి ఇంట్లోకి వెళ్ళడం ప్రమాదం. గురువుగారు ఈ కుర్చీలో ఉన్నా అదే చెప్పేవారు. ఆదివారం నేనే ఆయన ఇంటికి వెళతాను.

జూన్ 30, ఆదివారం

వదిన తలుపు తీసింది. గురువుగారి భార్యను మొదటినుంచీ వదినా అనే పిలుస్తాను. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని, లోపలికి తీసుకెళ్ళకుండా గుమ్మంలోనే ఆపింది. ఏడాదిన్నరగా మరుపు మొదలైందని చెప్పింది. కొన్ని రోజులు బాగానే ఉంటారు, కొన్ని రోజులు ఉండరు. ఆ శుక్రవారం బాగున్న రోజట. నీ నంబరు వెతకమని తెల్లవారకముందే నన్ను లేపారమ్మా అంది. ఈ రోజు ఎలా ఉన్నారని అడిగాను. నువ్వే చూడు అంది.

కుర్చీలో కూర్చుని ఉన్నారు, చక్కగా తల దువ్వుకుని. నన్ను చూసి మొహమంతా నవ్వు. "రా అమ్మాయ్," అన్నారు. నేనెవరో తెలిసే అన్నారనుకున్నాను. మోకాళ్ళ దగ్గర కూర్చుని, మీటింగులో నేనలా అనకుండా ఉండాల్సింది గురువుగారూ, అన్నా మర్నాడే వచ్చి ఉండాల్సింది, అన్నాను. నాలుగేళ్ళుగా మనసులో అనుకున్నదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "ఏ మీటింగు?" అని అడిగారు.

నేను క్షమాపణ అడగడానికి నాలుగేళ్ళు ఆలోచిస్తే, క్షమించాల్సిన సంగతే ఆయన దగ్గర మిగల్లేదు. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను. వదిన మంచినీళ్ళు తెచ్చింది.

కాగితాలు పట్టుకెళ్ళాను. ఆయన చెబుతుంటే పాత లైన్లన్నీ రాసుకోవాలని. ఒక్కొక్కటే అడిగాను. పాత బిల్లుల సెక్షనులో ఎవరు ఎక్కడ కూర్చునేవారో చెప్పారు, ఎవరికి టీలో చక్కెర ఎక్కువో చెప్పారు. తలుపు కిర్రుమనే గదీ చెప్పారు. లైన్ల దగ్గరకొచ్చేసరికి ఆగిపోయి, నా మొహంలోకి చూస్తున్నారు, నేనందిస్తానేమోనని. పదకొండు అడిగితే రెండు వచ్చాయి. ఆ రెండింట్లో ఒకటి తప్పని నాకే తెలుసు. నాలుగేళ్ళ కిందట అడిగి ఉంటే అన్నీ వచ్చేవి. రెండేళ్ళ కిందట అడిగినా వచ్చేవి.

చివరికి కొత్తగా రాసిన పేజీలు ఆయన చేతికిచ్చాను. వేలు పెట్టుకుంటూ నెమ్మదిగా చదివారు. నాలుగోదాని దగ్గర ఆగారు. పై ట్యాంకు, తేలే బంతి, గీత, పంపులు, కింద వీధి. రెండుసార్లు చదివారు.

"ఇది ఎవరో బాగా తెలిసినవాడే చెప్పాడు నీకు. ఎవరమ్మా?"

మా గురువుగారు చెప్పారండీ అన్నాను.

తల ఊపారు. కాగితాలు జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టారు. "అయితే ఆలస్యం చెయ్యకు. వెళ్ళి ఆయన్ని అడిగి మిగతావి కూడా రాసేసుకో," అన్నారు.

సరేనన్నాను.